షష్టిపూర్తికి అమ్మానాన్నలకు ఏమివ్వాలి? వారికే చెందిన కానుకను తయారు చేయించడం ఎలా

మా అమ్మమ్మ వాడిన స్టీలు గ్లాసు ఒకటి ఇప్పటికీ మా వంటింటి అరలో ఉంది. అంచుకు రెండు వేళ్ల కింద చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు: ఆమె పేరు, ఊరి పేరు, వాటి కింద గృహప్రవేశం తేదీ. ఒక అక్షరం మీది గుడిలో చివరి చుక్క కాస్త పక్కకు జారింది. కొట్టినవాడి సుత్తి ఆ ఒక్క దెబ్బకు తడబడి ఉంటుంది. ఇన్నేళ్లు తోమినా ఆ చుక్కలు చెరగలేదు. గ్లాసు లోపల వేలు పెట్టి తడిమితే చిన్న చిన్న బుడిపెలుగా తగులుతాయి.

ఆమె తమ్ముడు, అంటే మా చిన్న తాతయ్య, ఇచ్చిన అరడజనులో మిగిలింది ఇదొక్కటే. అమ్మమ్మకు చింతపండు పెట్టి ఇత్తడి చెంబులు తోమి తోమి చేతులు పగిలేవి. "తోమగానే మెరిసే గ్లాసులుంటే బాగుండును" అని ఆమె ఎప్పుడో ఒకసారి అన్నదట. ఆయన ఆ మాట గుర్తుపెట్టుకున్నాడు. గ్లాసులు కొన్నాక, చివరగా పేరు కొట్టించాడు.

ఈ వరుసే ముఖ్యమని నేను నమ్ముతాను. ఇప్పుడు ఫొటో పంపితే చాలు, పేరు ముద్రించిన కప్పో, దిండు గలీబో, తాళపుచెవి గొలుసో రెండు రోజుల్లో ఇంటికి వస్తుంది. అందులో తప్పేమీ లేదు. కాని అదే కప్పు మీద ఇంకొకరి ఫొటో వేసినా కప్పు మాత్రం అదే కప్పు. వారి కోసమే పుట్టిన వస్తువు కావాలంటే పని ఎక్కడో ముందే మొదలవ్వాలి.

1960లలో పుట్టిన తల్లిదండ్రులున్న ఇళ్లలో ఇప్పుడు షష్టిపూర్తుల కాలం నడుస్తోంది. అందుకే ఆ సందర్భాన్నే తీసుకుని చెబుతున్నాను. పెళ్లిరోజుకైనా, పదవీ విరమణకైనా, సీమంతానికైనా పద్ధతి ఇదే.

మొదటి పని: మూడు నెలల ముందు నుంచి వినండి

"ఏం కావాలి నాన్నా?" అని అడగకండి. "నాకేం కావాలిరా, మీరంతా వస్తే చాలు" అనే జవాబు వస్తుంది, అక్కడితో ఆ దారి మూసుకుపోతుంది. పాత సంగతులు కదిలించండి. మొదటి జీతంతో ఏం కొన్నారు? పెళ్లయిన కొత్తలో అద్దెకున్న ఇంట్లో ఏమేం ఉండేవి? ఇల్లు మారినప్పుడో, వరదలోనో, అప్పుల్లోనో పోయిన వస్తువుల్లో ఏది ఇప్పటికీ గుర్తొస్తుంది? ఈ చివరి ప్రశ్నకు వచ్చే జవాబు చాలాసార్లు నేరుగా కానుక దగ్గరికే తీసుకెళుతుంది. అమ్మిన సైకిలు, కుదువ పెట్టి విడిపించలేకపోయిన గొలుసు, చెల్లికి ఇచ్చేసిన హార్మోనియం, ఏదైనా కావచ్చు.

విన్నది వెంటనే ఫోనులో రాసుకోండి. వారన్న మాట వారన్నట్టే రాయండి. తర్వాత ఉత్తరంలోనో, పుస్తకంలోనో ఆ మాటలే పనికొస్తాయి.

చేతులను కూడా గమనించండి. రోజూ ఏ వస్తువు పట్టుకుంటారు, ఏది విరిగినా పారేయకుండా దారం చుట్టి వాడుతున్నారు, ఏ పుస్తకం అట్టకు ఎన్నిసార్లు జిగురు కాగితం అంటించారు. మా నాన్న కళ్లజోడు పెట్టె కీలు ఊడిపోతే ఏడాదిపాటు రబ్బరు బ్యాండుతో నెట్టుకొచ్చారు. ఇంట్లో అందరం రోజూ చూశాం, ఒక్కరం పట్టించుకోలేదు.

ఇక్కడ అమ్మల గురించి ఒక మాట. మిక్సీ, కుక్కరు, వాషింగ్ మెషీను కొని అమ్మకు ఇచ్చామనుకుంటాం. అవి ఇంటికి ఇచ్చినవి. పైగా షష్టిపూర్తి లెక్క సాధారణంగా నాన్న వయసును బట్టే ఉంటుంది. అమ్మ పక్కన పీటల మీద కూర్చుంటుంది, పట్టుచీర కట్టుకుంటుంది, వచ్చినవారికి పసుపు కుంకుమలు ఇస్తుంది, కానుకలు మాత్రం ఆయన పేరు మీద వస్తాయి. కాబట్టి ఇద్దరికీ కలిపి ఒకటైనా ఆలోచించండి, లేదా చెరొకటి. ఆమెను మాత్రం వదిలేయకండి.

రెండో పని: పాత ఆనవాళ్లు పోగు చేయండి

ఫొటోలు, ఉత్తరాలు, పెళ్లి శుభలేఖ, అమ్మ చేతిరాత ఉన్న పద్దుల పుస్తకం. ఇవన్నీ ఒకే ఇంట్లో ఉండవు. మేనత్తల ఇళ్లలో, బాబాయి బీరువాలో, ఇనుప పెట్టెల అడుగున ఉంటాయి. బంధువులు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే మామూలుగా దాని పరిమాణం తగ్గిపోయి, ముద్రించేటప్పుడు మసకబారుతుంది. డాక్యుమెంటుగా జతచేసి పంపమని చెప్పండి. ఆరంగుళాలు, నాలుగంగుళాల ఫొటో చక్కగా రావాలంటే 1800 పిక్సెళ్ల పొడవు, 1200 పిక్సెళ్ల వెడల్పు ఉండాలి, అంటే అంగుళానికి 300 చొప్పున. చిన్న ఫొటోను పెద్దది చేయించాలనుకుంటే స్కాను చేసేటప్పుడే 600 డీపీఐ, అంటే అంగుళానికి 600 చుక్కలు, పెట్టించండి.

చట్రంలో అద్దానికి అతుక్కుపోయిన ఫొటోలుంటాయి. వాటిని పీకవద్దు, పైపొర ఊడి ముఖాలే పోతాయి. అద్దంతో పాటే, పక్కనుంచి వెలుతురు పడేలా కిటికీ దగ్గర పెట్టి, ఫ్లాష్ లేకుండా తీయండి. జిగురు పేజీల ఆల్బమ్‌లకూ ఇదే జాగ్రత్త.

మూడో పని: ఏ రూపంలో ఇవ్వాలో తేల్చుకోండి

మీరు విన్న మాటే రూపాన్ని నిర్ణయించాలి. నాకు బాగా తెలిసినవి, నేను చేయించినవి, చేయించడం చూసినవి చెబుతాను.

అన్నింటికంటే తేలిక, అన్నింటికంటే మన్నిక, పేరు కొట్టించిన పాత్ర. స్టీలు సామాన్ల కొట్టులో చాలాచోట్ల అక్కడికక్కడే కొట్టి ఇస్తారు. ఇప్పుడు ఉలి, సుత్తి బదులు చేతిలో పట్టే చిన్న మిషనుతో రాస్తున్నారు. పలుచటి గిన్నె తీసుకోకండి, సొట్ట పడుతుంది. మాటలు మూడు వరుసలు దాటనివ్వకండి. "ఫలానావారి షష్టిపూర్తి సందర్భంగా" అని వందమందికి పంచే డబ్బాల మీద ఎలాగూ వేయిస్తారు. మీరిచ్చే ఒక్క దాని మీద వేరే మాట ఉండాలి. నాన్న రోజూ పొద్దున్నే "కాఫీ పడిందా?" అని అడిగే మనిషైతే ఆ మాటే గ్లాసు మీద వేయించండి. అమ్మకు ఒక కంచు గిన్నె ఇస్తే, దాని మీద ఆమె పుట్టింటివారు పిలిచే ముద్దుపేరు వేయించండి. అరవై ఏళ్లు వచ్చేసరికి ఆ పేరుతో పిలిచేవారు ఒకరిద్దరే మిగిలి ఉంటారు.

రెండోది బొంత. పాత నేతచీరలు కడిగి, ఆరబెట్టి, పొరలు పేర్చి దూరదూరంగా కుట్లు వేసే బొంత మన ఇళ్లకు కొత్త కాదు. నాయనమ్మ చీర, అమ్మ పెళ్లినాటి నూలు చీర, మీరు చిన్నప్పుడు కట్టిన పరికిణీ ముక్క, అన్నీ ఒకే బొంతలో చేరతాయి. పైపొరకు కనబడాల్సిన చీరను ముందే ఎంచుకుని, చిరుగులున్న వాటిని లోపలికి పంపండి. పట్టు, నూలు కలపకండి, ఉతికినప్పుడు ఒకటి ముడుచుకుని ఒకటి ముడుచుకోక బొంత వంకర్లు తిరుగుతుంది. రంగు దిగే చీరను ముందు ఉప్పునీళ్లలో నానబెట్టి చూడండి. ఒక ముఖ్యమైన సంగతి: అమ్మ దాచుకున్న చీరను ఆమెకు చెప్పకుండా కత్తిరించకండి. ఆశ్చర్యపరచాలన్న తొందరలో చేసే ఈ పని ఆమెను నిజంగా బాధపెడుతుంది. మనవడో మనవరాలో పుట్టబోతుంటే మాత్రం ఆమే స్వయంగా చీరలు తీసి ఇస్తుంది.

మూడోది నాకు అన్నింటికంటే ఇష్టమైనది, ఇంటి వంటల పుస్తకం. ఇది అమ్మకు ఇచ్చే కానుకగా మొదలై మొత్తం కుటుంబానిది అవుతుంది. కష్టమంతా కొలతల దగ్గర ఉంటుంది. అమ్మ "గుప్పెడు" అంటుంది, అమ్మమ్మ "సోల", "గిద్ద" అనేది. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. పాత కొలపాత్ర ఇంట్లో ఉంటే అదృష్టమే. లేకపోతే ఇలా చేయండి. వంటింటి తక్కెడ ఒకటి తెచ్చి, దాని మీద ఖాళీ గిన్నె పెట్టి, అమ్మ పక్కన నిలబడండి. ఆమె గుప్పెడు కందిపప్పు తీయగానే కుక్కరులోకి కాకుండా ముందు ఆ గిన్నెలో వేయించండి. ఎంత తూగిందో రాసుకోండి. పుస్తకంలో మాత్రం రెండూ ఉంచండి, "అమ్మ గుప్పెడు" అని, పక్కన గ్రాములు.

మేము ఆవకాయతో మొదలుపెట్టాం. ఆవపిండి, కారం, ఉప్పు సమపాళ్లని అందరూ చెప్పేదే. కాని తూచి చూస్తే అమ్మ వేసే ఉప్పు ప్రతిసారీ కాస్త తక్కువ. అడిగితే, తాతయ్యకు రక్తపోటు వచ్చిన ఏడాది నుంచి తగ్గించానని, ఆ తర్వాత చెయ్యి అలాగే అలవాటు పడిపోయిందని చెప్పింది. ఆ వాక్యం పుస్తకంలో ఆవకాయ పేజీ అడుగున ఉంది. వంటకాల సంఖ్య పెంచాలని చూడకండి, పన్నెండు చాలు. ఒక్కొక్క దాని కింద ఎవరు నేర్పారు, ఏ పండక్కి చేసేవారు, ఎవరికి ఇష్టం, ఇవి రాయండి. ఒక్క పేజీ అయినా ఆమె చేతిరాతను స్కాను చేసి అలాగే ముద్రించండి, నూనె మరకతో సహా.

ఆమె చెబుతుండగా ఫోనులో గొంతు రికార్డు చేసుకోండి. చాలామంది పుస్తకంలో క్యూఆర్ కోడ్ వేసి గొంతు వినిపిస్తున్నారు. బాగుంటుంది, కాని ఆ లింకు ఎన్నాళ్లు పనిచేస్తుందో ఎవరి చేతిలోనూ ఉండదు. అసలు ఫైళ్లను కనీసం రెండు వేరు వేరు చోట్ల దాచి, అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు ఒక్కో ప్రతి ఇవ్వండి.

నాలుగోది చేర్యాల పటం. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ చిత్రకారులు ఖాదీ గుడ్డకు చింతగింజల అంబలి, సుద్ద, జిగురు పూసి గట్టిపరచి దాని మీద బొమ్మలు వేస్తారు. వెనక ఎర్రటి నేల, ముందు వరుసలు వరుసలుగా కథ. ఈ పటం గోడకు అలంకారంగా పుట్టింది కాదు, ఊరూరా తిరిగే కథకులు దీన్ని విప్పుతూ కథ చెప్పేవారు. అందుకే ఒక జీవితాన్ని వరుసగా చూపించడానికి ఇంతకంటే తగినది నాకు కనబడలేదు. నాన్న చదివిన బడి, ఈదిన చెరువు, తాతయ్య ఎడ్లబండి, పెళ్లిపందిరి, మొదటి ఉద్యోగం, పిల్లలు. మీరు చేయాల్సిందల్లా ఆరు నుంచి ఎనిమిది సన్నివేశాలు ఎంచి, ఒక్కోటి రెండు వాక్యాల్లో రాసి, ఫొటోలతో ఇవ్వడం. ముఖాలు ఫొటోలో ఉన్నట్టు రావు, ఆ శైలిలోనే వస్తాయి. కాబట్టి గుర్తుపట్టడానికి ఒక ఆనవాలు చెప్పండి, నాన్న నల్ల ఫ్రేము కళ్లజోడు, అమ్మ జడలో కనకాంబరాలు. చిత్రకారుడిని తొందరపెట్టవద్దు, బేరమాడి సగానికి దింపవద్దు. అడిగిన అడ్వాన్సు ఇచ్చి, ముందు పెన్సిలు గీతల చిత్రం చూపించమని అడగండి. రంగులు పడ్డాక మార్చమంటే ఆ పని పాడవుతుంది.

నేతచీర గురించి ఒక జాగ్రత్త. "పోచంపల్లి వెళ్లి అమ్మ పేరు నేయిస్తాను" అని బయలుదేరేవారుంటారు. పోచంపల్లి ఇక్కత్‌లో నేయకముందే నూలును కట్టి రంగులద్దుతారు, డిజైను అక్కడే నిర్ణయమైపోతుంది. పడుగు, అంటే నిలువు పోగులు, ఒకసారి మగ్గానికి ఎక్కిస్తే దాని మీద చీరలు వరుసగా దిగుతాయి. ఒకే ఒక్క చీర కోసం అదంతా మార్చడం నేతగాడికి నష్టం. పిన్నులు, అత్తలు, అక్కలు అందరికీ ఒకే రకం కావాలంటే అడగవచ్చు. లేదంటే అమ్మకు నచ్చే చీర కొని, జాకెట్టు చేతికో, పైట కొంగు లోపలి మూలకో చిన్నగా రెండక్షరాలు కుట్టించండి. పైకి కనబడకుండా, ఆమెకు మాత్రం తెలిసేలా ఉంటే ఇంకా బాగుంటుంది.

మనవళ్ల కోసం ఏటికొప్పాక బొమ్మలు, అంకుడు కర్రతో, లక్కతో, చెట్ల నుంచి తీసిన రంగులతో చేసినవి. దేవుడి గదికి శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రం. ఇవి కూడా ముందుగా చెబితే మీ కోరిక ప్రకారం చేసిచ్చేవారున్నారు.

పెద్దవారికి వారి ఒంటరి ఫొటో పెద్దది చేయించి, చట్రం కట్టించి ఇచ్చే ముందు ఒకసారి ఆలోచించండి. మన ఇళ్లలో గోడ మీద అలాంటి ఫొటో, దానికో దండ, ఎవరికి ఉంటాయో అందరికీ తెలుసు. కొందరు పెద్దలు పైకి నవ్వి తీసుకున్నా లోపల కలుక్కుమంటుంది. ఇద్దరూ కలిసి ఉన్నది, పిల్లలతో ఉన్నది ఇవ్వండి.

నాలుగో పని: అక్షరాలు, తేదీలు సరిచూడండి

ఇది చిన్న పనిలా కనిపిస్తుంది. నేను దెబ్బతిన్నది ఇక్కడే. అమ్మానాన్నల పెళ్లిరోజుకు ఒక చెక్క పలక మీద నాలుగు వాక్యాలు చెక్కించాను. ఫోనులో టైపు చేసి పంపాను. దుకాణంవారి కంప్యూటర్‌లో ఒత్తులన్నీ విడిపోయి, "శ్రీ" కాస్తా రెండు ముక్కలై, "పుత్రులు" చదవడానికి వీల్లేకుండా వచ్చింది. చేతికి అందేసరికి రాత్రి ఎనిమిదైంది, తెల్లారితే పెళ్లిరోజు. అమ్మ ఏమీ అనలేదు, కాని నేను ఇప్పటికీ ఆ పలక వైపు చూడలేను.

కారణం తర్వాత తెలిసింది. ఫోనులో మనం రాసేది యూనికోడ్, అంటే అన్ని ఫోన్లూ కంప్యూటర్లూ అక్షరాలను గుర్తించడానికి వాడే ఉమ్మడి పద్ధతి. చాలా ముద్రణశాలల్లో, చెక్కే దుకాణాల్లో ఇప్పటికీ పాత ఫాంట్లు వాడుతున్నారు, కొన్ని సాఫ్ట్‌వేర్‌లు తెలుగు ఒత్తులను సరిగ్గా కూర్చలేవు. కాబట్టి అక్షరాలుగా పంపకండి. మీరే అక్షరాలను పేర్చి, బొమ్మగానో పీడీఎఫ్‌గానో పంపండి. చెక్కే ముందు కాగితం మీద నమూనా తీయించి, ఒక్కొక్క ఒత్తు, దీర్ఘం వేలు పెట్టి చదవండి. ఇంకొకరి చేత కూడా చదివించండి.

తేదీ విషయంలో ఇంకో మెలిక ఉంది. ఆ తరంలో చాలామందికి ధ్రువపత్రాల్లో ఉన్నది బడిలో చేర్చిన రోజు పంతులుగారు వేసిన తేదీ. అసలు పుట్టినరోజు తిథి, నక్షత్రంగానే ఇంట్లో గుర్తుంటుంది. పెద్దత్తనో, నాయనమ్మనో అడగండి. తెలుగు సంవత్సరాలు అరవై కాబట్టి షష్టిపూర్తికి పుట్టిన ఏడాది పేరే మళ్లీ తిరిగి వస్తుంది, చెక్కించడానికి ఎంతో అందమైన సంగతి ఇది. 1967 ఉగాది తర్వాత పుట్టినవారిది ప్లవంగ, 2027లో మళ్లీ ప్లవంగ. ఆ మరుసటి ఏడాది కీలక, తర్వాత సౌమ్య. 1966 ఉగాది తర్వాత పుట్టినవారికి మాత్రం ఏడాది పేరు పరాభవ. ఆ మాట పాత్ర మీద పడితే చదివేవారికి వేరే అర్థం తోస్తుంది కాబట్టి, వారికి మాసం, తిథి, నక్షత్రం వేయించండి. జనవరి, ఫిబ్రవరిలో పుట్టినవారికి ముందటి సంవత్సరం పేరు వస్తుంది, ఇది మరిచిపోకండి.

ఐదో పని: గడువును వెనక నుంచి లెక్కపెట్టండి

ముహూర్తానికి వారం ముందే వస్తువు మీ చేతిలో ఉండాలి. అక్కడి నుంచి వెనక్కి రండి. పటానికి, బొంతకు నెలన్నర అయినా వదలండి. పుస్తకానికి ముద్రణ తేలికే, సమాచారం రాబట్టడానికే రెండు నెలలు పడుతుంది. పాత్ర మీద పేరు ఒక్క పూటలో అయిపోతుంది, అందుకే దాన్ని చివరి రోజుకు వాయిదా వేస్తాం, ఆ రోజు కొట్టు సెలవు ఉంటుంది.

మీరు విదేశంలో ఉండి పది రోజుల సెలవుకే వస్తుంటే, మాటలు రాబట్టే పని వీడియో కాల్‌లోనే చేయండి. ఆదివారం పొద్దున ఒక్క ప్రశ్న చాలు. ఫొటోలు స్కాను చేయడం, నమూనా చూడటం ఊళ్లో ఉన్న తమ్ముడికో, బావకో అప్పగించండి. ఖర్చు పంచుకోవడం కంటే పని పంచుకుంటే కానుక అందరిదీ అవుతుంది.

ఆరో పని: ఇవ్వడం

పీటల మీద ఉన్నప్పుడు, పురోహితులు తొందరపెడుతుంటే, ఫొటోగ్రాఫరు "ఇటు చూడండి" అంటుంటే ఇవ్వకండి. అది చదివింపుల సమయం, వందమంది కవర్లతో వరుసలో ఉంటారు. సాయంత్రం బంధువులంతా వెళ్లాక, వారు పట్టుబట్టలు మార్చుకుని చాప మీద కూర్చున్నప్పుడు ఇవ్వండి. పండు, తాంబూలంతో పాటు చేతికివ్వండి, కాళ్లకు నమస్కరించండి.

దానితో పాటు చేత్తో రాసిన చిన్న ఉత్తరం ఉండాలి, తెలుగులో. అక్షరాలు వంకరగా వచ్చినా సరే. మీ పిల్లలకు తెలుగు రాయడం రాకపోతే మీరు ఒక కాగితం మీద రాసివ్వండి, వారు చూసి రాస్తారు. మొదటి నెలలో మీరు ఫోనులో రాసుకున్న వారి మాటల్లో ఒకటి ఎత్తిరాసి, "మీరు ఆ రోజు ఇలా అన్నారు, అందుకే ఇది" అని రెండు వాక్యాల్లో ముగించండి. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి గ్లాసులోనే ఉంచండి. పొట్లం విప్పి చెయ్యి లోపల పెట్టగానే ముందు అదే తగులుతుంది.